కొమురవ్వ ఒప్పుకుంటలేదు

"ఇరవై వెయ్యిలు తగ్గిచ్చినవ్ గని, కొమురవ్వ ఒప్పుకుంటలేదు బిడ్డా," అన్నడు లస్మయ్య, బయటికెల్లి మల్ల షోరూంల అడుగుపెట్టుకుంట.

కార్లమ్మే తెలుగు పోరడు అనీష్ తల పట్టుకున్నడు. పొద్దటిసంది ఇది మూడోసారి. లస్మయ్య ధర వింటడు, బయటికి పోతడు. గేటుకాడ వాచ్‌మన్ గది ఎనుక ఒక బాదం చెట్టున్నది. దాని కింద, షోరూం అద్దాలకెల్లి సగమే కనవడేటట్టు నిలవడి చేతులు తిప్పుకుంట పెండ్లంతోటి మాట్లాడుతడు, మల్ల వస్తడు. వచ్చినప్పుడల్ల కారు ధర జర దిగుతది.

లస్మయ్య మామూలోడు గాదు మరి. సూరత్‌ల, అమ్రోలి దిక్కు మిల్లు టెంపో తోలుతడు. ఆయన బేరానికి దిగిండంటే తాపీ నది సుత భయపడి రెండు గజాలు ఎనుకకు జరుగుతది. గసొంటోడే పెండ్లం మాట దాటుతలేడంటే, ఆమె ఎంత గట్టిదో మీరే అనుకోండి!

రెండో కరోనా జర సల్లవడి, కామ్‌రేజ్ రోడ్డు మీది ఆ షోరూం తెరిసి వారం గూడ గాలే. కుర్చీ ఇడిసి కుర్చీకి ఎర్ర టేపు అంటిచ్చిన్రు. లోపట ఏసీ ఎట్లుందంటే, గోడమీది బల్లి శాలువ అడిగేటట్టుంది.

"చిన్నమ్మను లోపటికి తోలుకరా కాకా. ఎండల ఎందుకు? సల్లగ కూసుంటది."

"రాదు బిడ్డా. గిప్పుడు ఆమె ఎవ్వల కప్పు కిందికి రాదు."

కరోనా భయమనుకున్నడు అనీష్. అప్పుడు సూరత్‌ల గసొంటోళ్లు ఇంటికొకరున్నరు.

"సరే, నా మాటిను. కింది మోడల్ తీస్కో. యాభై వెయ్యిలు తక్కువ. ఇంజన్ గదే, సీట్లు గవే. కిటికీ అద్దాలు చేతితోటి తిప్పుకోవాలె, గంతే."

"గదే వద్దంటున్న. ఆమెతోని తిప్పుడు గాదు. నేను బండి తోలుకుంట ఆ దిక్కు వంగి తిప్పుతనా? బటన్ నొక్కితె దిగాలె. నడిమి మోడలే గావాలె నాకు."

"గంత పంతమేంది కాకా, ఒక్క అద్దం కోసం?"

"బస్సెక్కితె ధూలే రాకముందే పేగులు బయటేసుకుంటది. రైలెక్కితె నందుర్‌బార్ దాటదు. ముప్పై ఏండ్లసంది ఊరికి పోయినప్పుడల్ల గదే తిప్పలు. సొంత కారుల, అద్దం దించుకోని, గాలి మొకానికి కొడుతుంటె పోవాలెనన్నది. మాటిచ్చిన. ఎల్లుండి పొద్దటికి ధర్మపురికాడ గోదావరిల తానం చేపియ్యాలె ఆమెకు."

"ఈ ఒక్కపారి రైల్ల పోరాదుండ్రి. నడుస్తున్నయి గద?"

"రైల్ల తీస్కపోతె ఆమె నా మొకం జూస్తదా?"

అనీష్‌కు ఆశ పుట్టింది. "అయితె టాప్ మోడలే తీస్కో! పెద్ద స్క్రీన్ ఉంటది, పాటలస్తయి, ఎనుకకు తోలేటప్పుడు కెమెరా సూపిస్తది."

"ఇరవై ఏండ్లసంది మిల్లు గల్లీలల్ల టెంపో ఎనుకకు తోలుతున్న, నాకు కెమెరా ఏంది? పాటలు సుత వద్దు. తొవ్వపొడుగూత మా ఇద్దరికి మాట్లాడుకునేది మస్తున్నది."

లస్మయ్య ఎంబడి తెచ్చిన చీరెల అట్టపెట్టెను ముందటికి జరిపిండు. దాని నిండ నోట్లు.

"దీంట్ల సగం ఆమెయే. ఇంట్ల కూసోని మిల్లు చీరెల దారాలు కత్తిరిచ్చి కత్తిరిచ్చి జమచేసింది. ఆమెను అడగకుంట నేనెట్ల ఊ అంట? జర నువ్వే కిందికి రా బిడ్డా."

అనీష్ మేనేజర్ క్యాబిన్‌లకు పోయిండు. లోపటికెల్లి గుజరాతీల తిట్లు ఇనవడ్డయి. బయటికొచ్చేసరికి మాస్కు పక్కకు వంగివోయింది.

"ముప్పై అయిదు వెయ్యిలు తగ్గిస్త. కాళ్ల కింది మ్యాట్లు ఫ్రీ. ఛేల్లో భావ్ కాకా, ఆఖరి ధర, దీనికి కింద ఒక్క రూపాయి దిగదు. పోయి చిన్నమ్మనడుగు. కాదంటె నన్ను ఆ చెట్టుకే ఉరెయ్యమను!"

లస్మయ్య పోయిండు. ఈసారి శానసేపు నిలవడ్డడు. చేతులు తిప్పలేదు, ఉత్తగ నిలవడ్డడు. వచ్చినంక కండ్లు ఎర్రగున్నయి.

"ఒప్పుకున్నది," అన్నడు.

"కండ్లకేమైంది కాకా?"

"సానిటైజర్ వడ్డది తియ్యి."

తెల్లారి పొద్దుగాల్నే తెల్ల కారు గేటుకాడికొచ్చింది. కొబ్బరికాయ కొట్టిన్రు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు వెట్టిన్రు. తాళం ఇచ్చేటప్పుడు ఆలుమగలను బండి ముందట నిలవెట్టి ఫొటో దించుడు ఆ షోరూం రివాజు.

"ఒక్కనివే నిలవడ్డవేంది? చిన్నమ్మ ఏది?"

"చెట్టు కిందనే ఉన్నది. తోలుకొస్త ఆగు."

"నేనూ వస్త. నా కమీషన్ అంత కత్తిరిచ్చిన మహాతల్లిని ఒక్కసారి సూడాలె!" అని నవ్వుకుంట, ఘారీ మిఠాయి డబ్బా ఒక చెయ్యిల, పూలగుత్తి ఒక చెయ్యిల పట్టుకోని లస్మయ్య ఎంబడి ఉరికిండు అనీష్.

వాచ్‌మన్ గది మలుపు తిరిగి ఆగిపోయిండు. చెట్టు కింద పాత మోపెడ్ ఒక్కటే ఉన్నది. మనిషి లేదు.

"ఏది కాకా, చిన్నమ్మ?"

లస్మయ్య మునికాళ్ల మీద లేసి, కొమ్మకు వేలాడగట్టిన చిన్న మట్టికుండను, మూతికి ఎర్రగుడ్డతోటి, మెడకు కాటికాడ కట్టిన నంబరు చీటీతోటి, రెండు చేతుల దించి రొమ్ముకు ఆనిచ్చుకున్నడు: "నడువే కొమురా, అద్దం దించే ఉంచిన."