షెడ్డు బీరు

నాలుగో సీసా మెడ కూడా విరిగింది.

ట్రెవర్ పాస్కో మూతలు బిగించే పనిముట్టును షెడ్డు గోడకేసి కొట్టాడు. రెండు పిడులూ రెండు చేతులతో నొక్కే రకం అది. గట్టిగా నొక్కితే సీసా విరుగుతుంది. మెల్లగా నొక్కితే మూత ఊడుతుంది.

అంతకుముందు సుత్తితో కొట్టే రకం వాడాడు. మూతలు పడ్డాయి గానీ గ్యాసంతా పోయింది. ఆసుపత్రి మంచం మీద తండ్రి క్లెమ్ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"చప్పగా ఉందిరా. ఒక్కడివే వేశావా మూతలు?"

"ఇంకెవరున్నారు నాన్నా?"

"ఈసారి ఎవరినైనా తోడు పిలుచుకో."

క్లెమ్‌కు ఎక్కువ రోజుల్లేవని డాక్టరు చెప్పింది. ఆయన అడిగింది ఒక్కటే, ఇంటి వెనక తన షెడ్డులో తయారుచేసిన బీరు ఒక సీసా. మూత పడ్డాక పొంగు పుట్టడానికి రెండు వారాలు పడుతుంది. ఇంకో తప్పుకు వ్యవధి లేదు.

ఎక్కడో దూరాన ఎడారి గనుల్లో ఇంటి కన్నా పెద్ద లారీలు నడిపే ట్రెవర్‌కు ఒక సీసా మూత లొంగడం లేదు. మండిపోతూ మూంటా ఊరి బజారులో, బీరు తయారీ సరుకులమ్మే కొట్టుకు వెళ్లాడు.

"సీసాలు విరగ్గొట్టనిది ఏదైనా ఉంటే ఇవ్వు."

"అన్నీ మంచివే గురూ," అన్నాడు కొట్టతను.

"మంచిదైతే నాలుగు సీసాలు ఎందుకు మింగింది?"

"గట్టిగా నొక్కి ఉంటావ్."

"మెల్లగా నొక్కితే ఊడింది!"

"అయితే మధ్యరకంగా నొక్కాలి."

"నువ్వెప్పుడైనా బీరు తయారుచేశావా?"

"నేనా? నాకు వైను అలవాటు."

ట్రెవర్ బల్ల మీద గుద్దాడు. "మా నాన్న క్లెమ్ పాస్కో ఆసుపత్రిలో ఉన్నాడయ్యా! నీకు వేళాకోళంగా ఉందా?"

వెనక నిలబడి ఉన్న పెద్దావిడ చప్పున తలెత్తింది.

"క్లెమ్ కొడుకువా? ఎలా ఉన్నాడు బాబూ?"

"బాలేడు."

"చూడనిస్తారా?"

"ఇంట్లోవాళ్లనే రానిస్తారు."

ఆవిడ చేతిలోని సరుకు బల్ల మీద పెట్టేసింది.

"సీసాలు నువ్వు నింపు. మూతలు నేను వేస్తాను. ఇవాళే వస్తాను."

"అమ్మా, ఈ ఊళ్లో ప్రతివాళ్లూ సలహా చెప్పేవాళ్లే. నాకు కావలసింది మెషిను. కాలక్షేపానికి మనిషి కాదు."

"తప్పుగా అనుకోకు బాబూ."

"దయచేసి పక్కకు జరుగుతారా?"

ఆవిడ జరిగింది. ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది.

ట్రెవర్ బల్లకు బిగించే పెద్ద రకం కొన్నాడు. ఈసారి ఒక్క సీసా విరగలేదు.

రెండు వారాలయ్యాక ఆసుపత్రిలో మూత తీస్తే బీరు బుస్సుమంది. నురగ గ్లాసు అంచు దాటింది.

క్లెమ్ నురగను చూశాడు. తలుపు వైపు చూశాడు.

"ఎవరేశారు మూతలు?"

"నేనే! కొత్త మెషిను తెచ్చాను."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే. ఇప్పుడేమైంది నాన్నా? మళ్లీ ఏం తప్పు చేశాను?"

"ఏం లేదురా. బీరు బాగుంది," అంటూ క్లెమ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆ వారంలోనే పోయాడు.

సమాధి దగ్గర్నుంచి అందరూ హాలుకు వచ్చారు. పోయినవాడి షెడ్డు బీరే అక్కడ తాగడం వాళ్ల ఆనవాయితీ. పక్కింటి మెర్వ్ సీసాలు తెరుస్తున్నాడు. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ ఒంటరిగా నిలబడి ఉంది.

ట్రెవర్ గుర్తుపట్టాడు. కొట్లో ఆవిడే.

"ఈవిడ ఇక్కడికీ వచ్చిందా?" విసుక్కున్నాడు.

మెర్వ్ చేతిలో సీసా ఆగిపోయింది.

"ఐరిస్‌ను అంటున్నావా? ఆవిడ రాకపోతే ఎలారా?"

"ఎవరావిడ?"

"మీ అమ్మ పోయినప్పట్నుంచీ ఆ షెడ్డులో బీరు నింపింది మీ నాన్న, మూతలు వేసింది ఆవిడ."

"నాన్న నాతో ఒక్కసారీ చెప్పలేదే!"

"కొడుకుతో ఏమని చెప్తాడు?" మెర్వ్ గొంతు తగ్గించాడు. "షెడ్డు బీరు తెమ్మంటే, మూతలేసే ఆవిణ్ని కూడా వెంటబెట్టుకుని వస్తావనుకున్నాడు."