తోడొచ్చిన తాతయ్య

"నీ కొలకర్ర తప్పమ్మా! నేను డ్రైవర్ సీట్లోంచి లేస్తే బస్సు పైకప్పుకే బొప్పి కట్టేది!" అన్నాడు తాతయ్య.

ఉచిత ఎముకల పరీక్షా శిబిరంలో ఎత్తు కొలుస్తున్న నర్సు కిసుక్కున నవ్వింది. "మీరు చెప్పినదానికన్నా రెండంగుళాలు తక్కువున్నారు తాతగారూ. ఎముకలు గుల్లబారితే వెన్ను ఇలాగే కుంగుతుంది. స్కాన్ తీయించుకోండి."

"అది ఆడవాళ్ల జబ్బు కదా! నడుం నొప్పి మా ఆవిడకి. నేను తోడొచ్చానంతే."

"మగవాళ్లకీ వస్తుంది."

అంతదాకా మూలుగుతున్న బామ్మ కుర్చీలోంచి చెంగున లేచింది. "పెళ్లప్పుడు మీ గడ్డం దాకా ఉండేదాన్ని. ఇప్పుడు చెవి దాకా వచ్చాను. ఈ వయసులో నేను పెరుగుతున్నానంటారా?"

"మరి నీ నడుం నొప్పి?"

"నొప్పీ లేదు, పాడూ లేదు. మీకోసమంటే వచ్చేవారా?"

ఊరంతటినీ కోతలతో నమ్మించినవాడు ఆవిడ మూలుగుకు బోల్తాపడి, దారంతా సంచి కూడా తనే మోసుకొచ్చాడు!

తాతయ్య స్కాన్ బల్ల దగ్గర ఆగాడు. "కాస్త భయంగా ఉందే," అన్నాడు మెల్లగా.

ఆయన నోట కోత కలవని మాట వినడం బామ్మకు అదే మొదలు.

"నాకూ భయంగానే ఉందండీ. ఎక్కండి, మీ తర్వాత నేనూ ఎక్కుతాను."