మెత్తటి చోటు

"ఉదయాబెన్, మీ అమ్మాయి పియానో వాయిస్తోందా, మసాలా దంచుతోందా?" అని కింది ఫ్లాటు గుజరాతీ ఆవిడ అడిగినప్పటినుంచి ఇందుజ రాత్రుళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకునే సాధన చేస్తోంది. బయటికి మీటలు నొక్కిన టకటక మాత్రం వస్తుంది. వంటింట్లో గిన్నెలు కడుగుతూ, ఆ చప్పుడులోనే కూతురు వాయించే సొనాటా వినడం ఉదయశ్రీకి అలవాటైంది.

పియానో పరీక్ష రేపే. మాస్టారి బాధల్లా మధ్యలో వచ్చే మెత్తటి చోటు గురించే. "మెత్తగా అంటే నీరసంగా కాదు బేటా. ఎవరో చాలా దూరంలో ఉన్నారు. చప్పుడు పెరిగేకొద్దీ దగ్గరికొస్తున్నారు. వినేవాళ్లకి భయం వెయ్యాలి."

ఈ రాత్రి ఆ చోటు కుదిరింది. దూదిమీద వేళ్లు పడ్డట్టుంది. ఉదయశ్రీ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గదిలోకి వెళ్లింది.

"ఎంత బాగా వచ్చిందే!"

ఇందుజ చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. ఎదురుగా మీటలు ఒక్కొక్కటే దిగుతున్నాయి, లేస్తున్నాయి.

"నేను ఎప్పుడో ఆపేశానమ్మా."

ఉదయశ్రీ గోడమీది స్విచ్చు కట్టేసింది. పియానో మీది ఎర్రదీపం ఆరిపోయింది. మీటలు మాత్రం ఆగలేదు. ఆమె కూతుర్ని రెక్క పట్టుకుని లాగింది. ఇందుజ కదల్లేదు. హెడ్‌ఫోన్లు చెవులకు అదిమి పట్టుకుంది.

"ఉండమ్మా, ఇంకా వినిపిస్తోంది. మెత్తగా ఉన్నంతసేపూ వాళ్లు దూరంగానే ఉన్నట్టు."

"తర్వాత?"

ఇందుజ ఎదురుగా ఉన్న స్వరాల పేజీ చూసింది.

"మెత్తగా వాయించేది ఇంకొక్క వరసేనమ్మా."