అసురుడి ముఖం

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ దుర్గాపూజ కమిటీకి ఈ ఏడు సెక్రటరీగా లోకేష్ పేరు చదివేసరికి గిరిబాబుకు కడుపు భగ్గుమంది.

ఆ పదవి తనదేనని ఊరంతా చెప్పుకుని తిరిగినవాడాయె. పూజకని సిల్కు కుర్తా కూడా కుట్టించుకున్నాడు. ఇప్పుడది వేసుకుని ఎవరికి చూపించాలి?

పోనీ లోకేష్ ఎక్కడివాడో అయితే సర్దుకునేవాడు. ఇద్దరిదీ రైల్వే వర్క్‌షాపులో ఒకే సెక్షను. క్వార్టర్లలో పక్కపక్క గుమ్మాలు. పొద్దున్నే తలుపు తీస్తే ఆ నవ్వుముఖమే.

"లోకేషు బాబు బంగారంరా," అంది జోగమ్మ కొడుక్కి అన్నం వడ్డిస్తూ. "నాకు జొరమొస్తే నువ్వు డ్యూటీకి ఎల్లిపోనావు. ఆడే రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకెల్లినాడు."

గిరిబాబు కంచంలో చెయ్యి కడిగేశాడు. కన్నతల్లి నోట కూడా వాడి పేరే.

లోకేష్ మాటలు వింటే ఇంకా ఒళ్ళు మండేది. "నీకేటన్నా," అనేవాడు. "అమ్మవారి ముందు నువ్వు హారతి పాట ఎత్తుకుంటే ఆడోళ్ళందరూ కళ్ళొత్తుకుంటారు. నాకా గొంతుంటే ఈ సెక్రటరీగిరీ ఎవడిక్కావాలి."

ఎంత ఎత్తిపొడుపో చూడండి. పదవి కొట్టేసి, పైగా పాట బాగుందని ఓదార్పు.

ఓ రోజు ఫోను పట్టుకుని వచ్చాడు. "కమిటీ కార్డుకి ఫోటో కావాలన్నా. నవ్వకు. కాస్త కోపంగా సూడు, అదే బాగుంటాది."

కోపంగా చూడడానికి గిరిబాబు పెద్దగా కష్టపడలేదు. ఎదురుగా ఉన్నది లోకేషే కదా.

తర్వాత కొన్నాళ్ళకు పక్కపేట తాల్‌బగీచాలో పాల్ దాదా షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే అతనికి ఓ ఆలోచన తట్టింది. కమిటీకి ఏటా విగ్రహం చేసేది ఆయనే. అమ్మవారి ముఖానికి అచ్చు వాడతాడు కానీ అసురుడికి వాడడు. ఊహించి చేస్తే అసురుడు బొమ్మలా ఉంటాడట, మనిషిని చూసి చేస్తేనే అసురుడిలా ఉంటాడట. ఓ ఏడు సొంత బావమరిదిని పెట్టాడు. ఓ ఏడు మూల మీది టీకొట్టు మనిషిని పెట్టాడు. పాపం ఆ మనిషిని పిల్లలు ఇప్పటికీ 'అసురుడు' అనే పిలుస్తారు.

గిరిబాబు లోకేష్ ఫోటో జేబులో పెట్టుకుని వెళ్ళాడు. విగ్రహం నిలబడి ఉంది. అసురుడికి ఇంకా తల పెట్టలేదు. మూల పీట మీద తడిగుడ్డ కప్పిన మట్టిముద్ద ఏదో ఉంది.

"ఈ ముఖం పెట్టు దాదా. ఎవరికీ సెప్పకు."

పాల్ దాదా ఫోటో వంక ఒక్కసారి చూశాడు. తర్వాత గిరిబాబు ముఖం వంక చాలాసేపు చూశాడు.

"ఇతను మీకేం చేశాడు?"

"ఏటీ సెయ్యలేదు. అందరికీ మంచే సేస్తాడు. అదే నా బాధ."

"ఠీక్ హై," అన్నాడు పాల్ దాదా, ఫోటో చూరులో దోపుతూ. "నేనెవరి మాటా ఎవరికీ చెప్పను దాదా."

ఆ రోజు నుంచి గిరిబాబుకు ప్రాణం హాయిగా ఉంది. లోకేష్‌తో కలిసి పందిరికి వెదుళ్ళు మోశాడు. లోకేష్ పరుగెత్తి వెళ్ళి అన్నకి టీ తెచ్చాడు. ఇద్దరినీ చూసి కమిటీ ప్రెసిడెంటు పాండురంగయ్య, "రామలక్ష్మణుల్లా ఉన్నారయ్యా," అని మురిసిపోయాడు.

షష్ఠి సాయంత్రం తెర తీశారు. ఢాక్ డోలు మోగింది. గిరిబాబు సిల్కు కుర్తాలో, చేతిలో మైకుతో అందరికంటే ముందున్నాడు. జనం అమ్మవారికి దణ్ణం పెట్టి, ఆ తర్వాత కళ్ళు కిందికి దించారు. ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది.

లోకేష్ పని అయిందనుకుంటూ గిరిబాబూ చూశాడు.

అమ్మవారి పాదం కింద, గుండెల్లో శూలంతో పడి ఉన్నవాడికి తన దవడే. తన కనుబొమ మీది మచ్చే. ఆ కుళ్ళు చూపు కూడా తనదే.

"అదేటిరా గిరీ," అంది జోగమ్మ పైకే. "అమ్మ కాలికింద నువ్వున్నావేటి?"

పందిరంతా గొల్లుమంది. అతని భార్య మౌనిక కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి వెళ్ళిపోయింది. హారతి వెలిగింది. గిరిబాబు నోరు తెరిచాడు. పాట రాలేదు. తన ముఖమే కిందనుంచి తనను చూస్తుంటే ఎలా వస్తుంది?

లోకేష్ మెల్లగా అతని చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "అన్నకి గొంతు పట్టేసినట్టుంది," అని, తనే పాట ఎత్తుకున్నాడు.

గిరిబాబు తల వంచుకుని బయటికి నడిచాడు. మంచివాడి మీద ఏడ్చినందుకు అమ్మవారే చెయ్యి పెట్టి మట్టిలో ముఖం మార్చేసిందనుకున్నాడు. జీవితంలో మొదటిసారి లోకేష్ కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

పందిరి వెనక పాల్ దాదా టీ తాగుతున్నాడు.

"నేనిచ్చింది లోకేషు ఫోటో కదా దాదా," అన్నాడు గిరిబాబు ఏడుపు గొంతుతో. "నా ముఖం ఎలా వచ్చింది? అమ్మవారి మహిమా?"

పాల్ దాదా గ్లాసు కింద పెట్టాడు.

"మీరొచ్చిన రోజుకే ఆ తడిగుడ్డ కింద మీ తల ఆరుతోంది దాదా, లోకేష్ దాదా అంతకు ముందే మీ ఫోటో తెచ్చిచ్చి, ఎవరికీ చెప్పొద్దన్నాడు."