దిద్దిన వ్యాసాలు

"త్వరగా సంతకం పెట్టమ్మా," అంది కూతురు, బూట్ల లేసులు కట్టుకుంటూ.

వచ్చే ఏడాది భాషా తరగతి ఎంచుకునే కాగితం అది. చూడగానే అమ్మ ఉలిక్కిపడింది.

"అడ్వాన్స్‌డ్‌కి పంపమని మీ టీచరే రాసిందిగా! నువ్వేంటి, మామూలు తరగతికి టిక్కు పెట్టావు? బద్ధకమా?"

"టీచర్ మెచ్చుకున్నది నా వ్యాసాల్ని కాదమ్మా, నీవాటిని."

"నేను రాశానా? కాస్త దిద్దానంతే."

"చివరికి నా వాక్యం ఒక్కటైనా మిగిలేదా? అడ్వాన్స్‌డ్‌లో అన్నీ క్లాసులోనే కూర్చుని రాయాలి. నా పక్క బెంచీలో కూర్చుంటావా ఏంటి?"

అమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. మూడేళ్లుగా, పొయ్యి మీద కూర అడుగంటుతున్నా పట్టించుకోకుండా, ఆ వ్యాసాల మీద తనెంత సంబరంగా కూర్చునేదో గుర్తొచ్చింది. అదంతా పిల్ల కోసమే అనుకుంది ఇన్నాళ్లూ.

"నువ్వు రాసినవి అంత బాగుండేవి కాదంటావా?" అంది మెల్లగా.

"నాకేం తెలుసు? నువ్వు ఒక్కటైనా చివరిదాకా చదివితే కదా! రెండో లైనుకే పెన్ను తీసేదానివి."

కూతురు టిక్కు పెట్టిన చోటే అమ్మ సంతకం చేసింది.

"సాయంత్రం నీదొకటి చదివి వినిపిస్తావా?"

కూతురు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"దిద్దనంటేనే."