మొదటి పిడికెడు

"దాన్ని ముట్టకు! ముట్టినవంటే బాగుండదు, చెప్తున్న!"

నాసర్ అరుపుకి పాత ఇనుము కొనే జానీ గొర్రు మీద వేసిన చెయ్యి గబుక్కున తీసేశాడు. వాణ్ణి పిలుచుకొచ్చిన షహర్ బానో మాత్రం బెదరలేదు. మొగుడి అరుపులు ఆమెకు కొత్తా?

"ఎందుకు ముట్టొద్దు? ఎన్నేండ్ల సంది మూలకు పడి ఉన్నది! గింజలు లెక్క ప్రకారం ఏస్తదంటిరి. ఏది, ఒక్కడన్న వచ్చి అడిగిండా? షెడ్డు ఖాళీ చేస్తే కంప్యూటర్ కోర్సులోళ్ళు కిరాయికి తీసుకుంటమంటున్నరు."

ఆమె మాటా నిజమే. బోయిగూడ గల్లీలో ఎటు చూసినా బోర్డులే, జావా అని ఒకటి, ఒరాకిల్ అని ఒకటి. మధ్యలో మిగిలింది నాసర్ రేకుల షెడ్డు. ఆ షెడ్డులో మిగిలింది ఈ గొర్రు. చక్రం తిరిగినకొద్దీ గింజలు ఒకే ఎడంలో, ఒకే వరసలో పడేలా నాసర్ సొంత బుర్రతో చేసిన యంత్రం.

"మిరుగం పొయ్యేదాంక ఆగు బానో. తర్వాత నేనే తక్కెట్ల పెట్టి జోకిస్త" అన్నాడు. గొంతు తగ్గిపోయింది.

మిరుగం అంటే మృగశిర కార్తె. ఒకప్పుడు ఈ రోజుల్లో గల్లీలో కాలు పెట్టే చోటుండేదా! శామీర్‌పేట నుంచి, మేడ్చల్ నుంచి బండ్లు బారులు తీరేవి. కొలిమి పొగ, ఎడ్ల గంటలు, జొన్నరొట్టెల మూటలు, ఒకటే సందడి. గొర్రు తీసుకున్న రైతు ఊరికే పోయేవాడు కాదు. "నీ చెయ్యి మంచిది నాసరూ" అంటూ చెల్కకు లాక్కుపోయి, మొదటి పిడికెడు విత్తనం అతని చేతే పోయించేవాడు. నాసర్ బిస్మిల్లా అనేవాడు, రైతు తన దేవుణ్ణి తలుచుకునేవాడు, ఇద్దరి దేవుళ్ళూ విన్నట్టే చేను మొలిచేది. కళ్ళు మూసేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ పిడికెడు మళ్ళీ పోయాలని నాసర్ ఆశ.

"ఏటి భాయ్, ఇది అమ్ముతారేటి?"

గుమ్మంలో ఒక కొత్త మనిషి. నీటుగా టక్ చేసుకున్నాడు, చేతిలో సెల్ ఫోను. పేరు పైడిబాబు, విజయనగరం వైపువాడు. శామీర్‌పేట దగ్గర ఎవరో పెద్దమనిషి భూములకు సూపర్‌వైజరట. పక్కన టీ తాగుతూ ఈ కేకలు విని తొంగిచూశాడు.

నాసర్ గబగబా ఎదురెళ్ళాడు. "అమ్ముత సార్! ఎందుకమ్మ!"

"ఇది తోసుకుంటూ ఎళ్తే వరస తిన్నగా వస్తాదా? మనుషుల చేత పోయిస్తే అన్నీ వంకర్లే. మా సారుకి వంకరంటే ఒళ్ళు మంట."

"తాడు కట్టినట్టు వస్తది! ఇంతకు దీంట్ల ఏం పోస్తరు? జొన్నలా?"

"అంత లావు కాదు, బాగా సన్నం."

"అయితే తైదలా?"

అప్పుడే ఫోను మోగింది. పైడిబాబు చెవికి ఆనించుకుని "ఆ, ఆ... అదే చూస్తన్నాను సార్" అంటూ తల ఊపాడు. ఫోను పెట్టేసి, "వానలు పడకముందే మా పనైపోవాలి భాయ్. రేపు పొద్దున్నే వ్యాను తెస్తాను" అన్నాడు.

"జెర ఆగుండ్రి సార్. ఒక్క షరతు. నేను సుత వస్త. మొదటి పిడికెడు నా చేత్తోనే పొయ్యాలె."

పైడిబాబు నవ్వాడు. "దానికేటి భాయ్, మీ చేత్తోనే పొయ్యండి!"

జానీ ఖాళీ తక్కెడతో వెనక్కి పోయాడు. నాసర్ వయసు మరిచిపోయి పనిలో పడ్డాడు. తుప్పు గీకాడు, చక్రానికి నూనె పెట్టాడు, సన్న గింజకు సరిపోయేలా, గింజలు రాలే ఇనుప బిళ్ళకు చిన్న చిల్లులు వేశాడు. ఇంట్లోని తైదలు, అదే రాగులు, తెచ్చి పోసి, గల్లీ ఆ చివరిదాకా తోసి చూశాడు. పావురాలు వచ్చి వాలాయి.

"అయ్యో, నా తైదలన్నీ పావురాలకేనా?" అంటూ వచ్చిన షహర్ బానో, నేల మీద ఆ వరస చూసి, దాని వెంటే చివరిదాకా నడిచింది. "మీ చెయ్యి మంచిదే. ఎవరు కాదన్నరు?" అంది. పెట్టెలోంచి తెల్ల చొక్కా తీసి తనే ఇస్త్రీ చేసింది. ఆ రాత్రి నాసర్‌కు నిద్ర పడితే ఒట్టు.

మర్నాడు వ్యాను శామీర్‌పేట దాటి ఆగింది. నాసర్ దిగి అటూ ఇటూ చూసి ఎగిరి గంతేశాడు.

"ఇది మా సదాశివ పటేల్ చెల్క గదా!"

"అవును, ఆయన దగ్గరే మా సారు కొన్నారు."

పోనీలే, చేతులు మారితేనేం, భూమి బీడు పడలేదు కదా అనుకున్నాడు నాసర్. గట్లన్నీ తీసేసి అంతా ఒకటే మడిగా చదును చేశారు. కొత్త సేద్యం ఇట్లాగే ఉంటుంది కాబోలు. ఒక మట్టిగడ్డ తీసి చిదిమాడు. "గింజలు పైన రాల్చకు నాసరూ, ఊళ్ళె కోళ్ళు బలుస్తయి" అని ప్రతి మిరుగానికీ మొదటి పిడికెడు పోయిస్తూ పటేల్ ఆటపట్టించే మాట గుర్తొచ్చి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

గొర్రు దించారు. నాసర్ చెప్పులు విడిచాడు. టోపీ సర్దుకున్నాడు. బిస్మిల్లా అని, కుడిచేయి చాపాడు.

పైడిబాబు సంచి మూతి విప్పి, ఆ చేతినిండా తెల్లటి ముగ్గుపిండి పోశాడు.

"కానియ్యండి భాయ్, మీ చేత్తోనే మొదలెట్టండి. సాయంత్రానికల్లా ప్లాట్లన్నీ గీసెయ్యాలి!"