బ్యాంకాక్ యాత్ర శాలువా

రాజంపేటలో మందుల షాపు నడిపే తిరుమలయ్య, తనతో బ్యాంకాక్ యాత్రకు వెళ్లొచ్చిన ఊరివాళ్లు సన్మానంలో కప్పిన పట్టు శాలువాతోనే కడప ఆసుపత్రికి వచ్చాడు. జ్వరం, విరేచనాలతో సెలైన్ ఎక్కించుకుంటున్న భార్య సుబ్బరత్నమ్మ మొహం తిప్పుకుంది. పెళ్లాం మంచమెక్కినా ఈయనకు సన్మానం ఆగలేదు.

"అంతా ఆ పాడు బ్యాంకాక్ చేసింది డాక్టరమ్మా! మన వంటమనిషిని, మన బియ్యాన్ని తీసకపోయినాం. ఆడ మెతుకు ముట్టలే," అన్నాడు తిరుమలయ్య.

"నీళ్లు? ఐసు?" డాక్టరమ్మ రిపోర్టు చూస్తూ అడిగింది.

"ఐసు లేకుంటే ఆ ఎండకు తాళేదెట్ల? అయినా నేనుండా గదా! రోజూ పొద్దున్నే కాఫీ కంటే ముందు బస్సులో అందరికీ యాంటీబయాటిక్ మాత్ర పంచినా. ఆడున్నన్నాళ్లూ ఒక్కరికీ కడుపు చెడలే. అందుకే ఈ శాలువా!"

డాక్టరమ్మ తలెత్తింది. "జబ్బు లేకుండానే మింగించినారా? కడుపులో కాపలా కాసే మంచి క్రిములను ఆ మాత్రలే చంపినాయి. ఐసుతోనో నీళ్లతోనో వచ్చిన మొండి క్రిమికి ఇంక అడ్డం లేకపోయింది. మామూలు మందులకు ఇది చావదు. మిగతావాళ్ల కడుపుల్లోనూ ఉండొచ్చు. వాళ్లంతా యాడుండారు?"

"ఊర్లోనే..." తిరుమలయ్య గొంతు తగ్గింది. "సన్మానం భోజనాలు వాళ్లే వడ్డించినారు. ఊరంతా తినింది."

సుబ్బరత్నమ్మ దుప్పట్లోంచి చెయ్యి చాచింది.

"ఆ శాలువా ఇట్లియ్యండి. మాత్రలు పంచినోళ్లకు కప్పినారు గానీ, సలి పెడతాండేది మింగినోళ్లకు."